స్క్రీన్ నల్లబడితే లాంగ్ బెల్ కొట్టినట్టే

హైదరాబాద్ రాయదుర్గంలో మెట్రో ఎక్కేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. సీటు దొరుకుతుంది. నాగోల్ వెళ్లే బ్లూ లైన్ రైలు బయల్దేరేదే ఇక్కణ్నుంచి కాబట్టి, కాస్త చురుగ్గా అడుగేస్తే చాలు. కూర్చున్నాక ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? బ్యాగ్ ఒళ్లోకి, ఫోన్ చేతిలోకి. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేసరికి ఇన్‌స్టాగ్రామ్. పెద్దమ్మ గుడి దాటేసరికి రీల్స్. అమీర్‌పేటలో దిగాలని గుర్తొచ్చేసరికి తలుపులు మూసుకుంటున్నాయి.

పొద్దున్నుంచి ఆఫీసులో స్క్రీన్. దారిలో స్క్రీన్. రాత్రి పక్క మీద స్క్రీన్. ఎవరైనా అడిగితే ఒకటే సమాధానం: "నేను డార్క్ మోడ్ పెట్టుకున్నాను కదా!"

పెట్టుకున్నారు. సంతోషం. కానీ దాన్ని సగమే వాడుతున్నారు. మిగతా సగం ఇవాళ నేర్చుకుందాం. ఖర్చు లేదు, కొత్త యాప్ అక్కర్లేదు, ఐదు నిమిషాల పని.

మొదటి పని ఏమిటో చెప్తే నవ్వుతారేమో. డార్క్ మోడ్ ఆఫ్ చేయండి.

అవును, ఆఫ్. రాత్రికి అదే ఆన్ అవుతుంది. మీరు చెప్పిన టైముకి, ప్రతిరోజూ, మిమ్మల్ని అడగకుండా. అప్పుడది ఒట్టి నలుపు రంగుగా మిగిలిపోదు. బళ్లో సాయంత్రం కొట్టే లాంగ్ బెల్ అవుతుంది. బెల్ రోజంతా మోగుతూ ఉంటే పిల్లలు ఇంటికెళ్లరు. మీ డార్క్ మోడ్ సరిగ్గా అలాగే ఉంది. ఇరవై నాలుగు గంటలూ ఆన్. అందుకే అది మీకు ఏమీ చెప్పడం లేదు.

బెల్ అసలెందుకు?

ఫీడ్‌కి అడుగు లేదు కాబట్టి.

పేపర్ చదివితే చివరి పేజీ వస్తుంది. సినిమాకెళ్తే శుభం కార్డు పడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం పడుతుంది? ఇంకో రీల్. వేలు కదిపితే చాలు, కింద కొత్తది తయారుగా ఉంటుంది. ఈ ఇన్ఫినిట్ స్క్రోల్ పద్ధతిని 2006లో తయారుచేసిన డిజైనర్ ఆజా రాస్కిన్. తాను చేసిన పని మనుషుల టైముని ఎలా మింగేస్తోందో చూసి ఆయనే తర్వాత బహిరంగంగా బాధపడ్డాడు.

ఈ సంగతి రాయదుర్గం వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఫేస్‌బుక్ మన దేశంలో మొదటి ఆఫీసు 2010లో పెట్టింది హైదరాబాద్‌లోనే. నాలెడ్జ్ సిటీ, మైండ్‌స్పేస్ ఐటీ పార్కుల్లో పనిచేసే మీలో చాలామంది రోజూ అనే మాటలే ఇవి: రిటెన్షన్, సెషన్ టైమ్, డైలీ యాక్టివ్ యూజర్స్. యూజర్‌ని ఇంకో రెండు నిమిషాలు ఎలా కూర్చోబెట్టాలో మీటింగ్‌లో చార్ట్ వేసి మరీ చెప్పగలరు. రాత్రి పన్నెండింటికి దుప్పట్లో దూరి స్క్రోల్ చేస్తున్నప్పుడు ఆ చార్ట్‌లో గీత మీరే. ఇంకెవరో కాదు.

అందుకే అంటున్నాను, యాప్ మీకు ముగింపు ఇవ్వదు. ముగింపు మీరు పెట్టుకోవాలి. పెట్టుకోగలరు కూడా.

నిజానికి నల్ల స్క్రీన్ మనకు కొత్తేం కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న నాటికి వై2కే తేదీల సమస్య పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకు మహా గిరాకీ. అమీర్‌పేటలో ఆ కోర్సు చేసినవాళ్లు ఇప్పుడు మీకు డైరెక్టర్లో, వైస్ ప్రెసిడెంట్లో అయి ఉంటారు. అడగండి. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. పని అయిపోతే లాగాఫ్ అని కొట్టి లేచేవాళ్లు. మన చేతిలో ఉన్న తెర మళ్లీ నల్లబడింది గానీ, ఆ లాగాఫ్ మాత్రం రాలేదు.

ముందు మూడు భ్రమలు తీసేద్దాం

మొదటిది, బ్యాటరీ. మీ ఫోన్ స్క్రీన్ ఓఎల్‌ఈడీ లేదా అమోలెడ్ అయితే లాభం నిజమే. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నలుపు అంటే ఆ చుక్క ఆరిపోవడం. కరెంటు మిగులుతుంది. ఎల్‌సీడీ ఫోన్ అయితే వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. పైన నలుపైనా తెలుపైనా ఖర్చు దాదాపు ఒకటే.

ఓఎల్‌ఈడీలో అయినా ఎంత మిగులుతుంది? 2021లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు గూగుల్ మ్యాప్స్, యూట్యూబ్, క్యాలెండర్ లాంటి యాప్‌లను తీసుకుని కొలిచారు. బ్రైట్‌నెస్ నూటికి నూరు పెడితే 39 నుంచి 47 శాతం పవర్ ఆదా. బాగుంది. మరి మామూలుగా అందరూ పెట్టుకునే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్‌లో? సగటున 3 నుంచి 9 శాతం. అంతే. సాయంత్రానికి ఫోన్ చచ్చిపోతోందంటే రంగు మార్చినంత మాత్రాన సరిపోదు. బ్రైట్‌నెస్ తగ్గించండి. స్క్రోలింగ్ తగ్గించండి. రెండోది ఇంకా బాగా పనిచేస్తుంది.

రెండోది, కళ్లు. "డార్క్ మోడ్ కళ్లకు మంచిది" అని అందరూ ఖాయంగా చెప్తారు. సగం నిజం. చీకటి గదిలో తెల్ల స్క్రీన్ కళ్లలోకి పొడుచుకొస్తుంది. అక్కడ నలుపు హాయి. వెలుతురున్న చోట మాత్రం తెలుపు మీద నల్ల అక్షరాలే తేలిగ్గా చదవగలమని పరిశోధనలు చెప్తున్నాయి. కారణం చిన్నదే. స్క్రీన్ నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది. పెద్దదైతే అక్షరాల అంచులు కాస్త అలుక్కుంటాయి. ఆస్టిగ్మాటిజం అనే చూపు లోపం ఉన్నవాళ్లలో చాలామందికి నలుపు మీద తెల్ల అక్షరాల చుట్టూ మసక వెలుగు పరుచుకున్నట్టు కనిపిస్తుంది.

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కి కొద్ది వారాల ముందు, వాట్సాప్ డార్క్ మోడ్ ఇచ్చింది. అప్పట్లో గమనించారా, అందులో బ్యాక్‌గ్రౌండ్ కటిక నలుపు కాదు, ముదురు బూడిద. అక్షరాలూ మల్లెపూవు తెలుపు కాదు, కాస్త తగ్గించిన తెలుపు. స్వచ్ఛమైన నలుపూ తెలుపూ పక్కపక్కన పెడితే కళ్లు అలిసిపోతాయని ఆలోచించే అలా చేశారు.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో చిన్న మాట. మన అక్షరాలకు వంపులెక్కువ. వత్తులు చిన్నవి. సన్నటి ఫాంట్‌లో, నల్ల స్క్రీన్ మీద, 'ఘ'కీ 'ఝ'కీ తేడా వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంటి గ్రూపులో బాబాయ్ పంపిన పొడవాటి మెసేజ్‌ని రెండు మోడ్‌లలోనూ చదివి చూడండి. మీ కళ్లే చెప్తాయి. డార్క్‌లో ఉంచాలనుకుంటే ఫాంట్ సైజు ఒక మెట్టు పెంచండి.

అయినా రోజూ సాయంత్రానికి కళ్లు మండుతున్నాయా? తలనొప్పి వస్తోందా? సెట్టింగ్స్‌తో కుస్తీ ఆపి కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి 1987 నుంచి ఉన్న ఊరు మనది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో ఇక్కడికొచ్చి చూపించుకుంటారు. బంజారాహిల్స్ మీకు ఎంత దూరం? ఈలోగా కంటి డాక్టర్లు చెప్పే 20-20-20 పాటించండి. ప్రతి 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడమే తగ్గిపోతుంది. కళ్లు ఆరిపోయేది అందుకే. ఏసీలో కూర్చుంటే మరీను.

మూడోది, నిద్ర. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. రాత్రి వెలుతురు, ముఖ్యంగా నీలి వెలుతురు, నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని ఆలస్యం చేస్తుంది. 2015లో పీఎన్‌ఏఎస్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పడుకునే ముందు వెలిగే స్క్రీన్ మీద పుస్తకం చదివినవాళ్లకు, అచ్చు పుస్తకం చదివినవాళ్ల కంటే నిద్ర పట్టడం ఆలస్యమైంది. ఇంతవరకూ డార్క్ మోడ్ పక్షమే. కానీ 2021లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 18 నుంచి 24 ఏళ్ల యువత మీద ఐఫోన్ నైట్ షిఫ్ట్‌ని పరీక్షించారు. స్క్రీన్‌ని పసుపుపచ్చగా మార్చే సెట్టింగ్ అది. దానివల్ల నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఎందుకు రాలేదు? నా అభిప్రాయం చెప్తాను. రంగు మారింది. రీల్ మారలేదు. మీ బ్యాచ్‌మేట్ డల్లాస్‌లో ఇల్లు కొన్న ఫొటో నల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో చూసినా కడుపులో అదే మంట. లింక్డ్‌ఇన్‌లో జూనియర్‌కి ప్రమోషన్ వచ్చిందన్న పోస్ట్ డార్క్ మోడ్‌లోనూ అంతే వెలుగుతుంది. మీ మెదడు మేల్కొని ఉండేది ఆ మాటలకి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నల్ల స్క్రీన్ హాయిగా ఉంటుంది కాబట్టి ఇంకాసేపు చూడొచ్చు అనిపిస్తుంది. కళ్లు మండితే అయినా ఫోన్ పక్కన పెట్టేవాళ్లం. ఇప్పుడు అదీ లేదు. హాయి కోసం పెట్టుకున్న సెట్టింగ్ అరగంట ఎక్కువ స్క్రోల్ చేయిస్తే మీరు గెలిచినట్టా, యాప్ గెలిచినట్టా?

ఇక పనిలోకి దిగుదాం

పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్ట్ పాతికేళ్లకు పైగా చెప్తున్న సూత్రం ఒకటుంది. "ఫోన్ తగ్గిస్తాను" అనే నిర్ణయం నిలబడదు. "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అనే నిర్ణయం నిలబడుతుంది. మొదటిదాంట్లో ఎప్పుడు అన్నది లేదు. రెండోదాంట్లో ఉంది. మన 'ఫలానాది' ఏమిటో తేలిపోయింది: స్క్రీన్ నల్లబడటం.

1. టైమ్ నిర్ణయించుకోండి. నిద్రపోయే టైముకి గంట ముందు. పదకొండింటికి పడుకుంటే పదింటికి. "చూద్దాంలే" వద్దు. అంకె కావాలి.

2. ఫోన్‌కి చెప్పండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే, డార్క్ థీమ్, షెడ్యూల్. కంపెనీని బట్టి పేర్లు కాస్త మారతాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్, ఆటోమేటిక్, ఆప్షన్స్. రెండింట్లోనూ మీ సొంత టైమ్ ఇచ్చే వీలుంది. అదే ఎంచుకోండి.

3. యాప్‌లను దారికి తెండి. చాలామంది ఇక్కడ తప్పుతారు. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో విడివిడిగా డార్క్ మోడ్ పెట్టేసి ఉంటారు. ఫోన్ మోడ్ మారినా అవి మారవు. వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, థీమ్‌లోకి వెళ్లి సిస్టమ్ డిఫాల్ట్ పెట్టండి. ఫేస్‌బుక్‌లో మెనూ, సెట్టింగ్స్ అండ్ ప్రైవసీ, డార్క్ మోడ్. అక్కడా సిస్టమ్‌నే ఎంచుకోండి. మిగతావీ అంతే. ఇక అన్నీ ఒకేసారి నల్లబడతాయి. ఒకేసారి బెల్ కొట్టాలి. అప్పుడే వినిపిస్తుంది.

4. బెల్ కొట్టగానే చేసే పని ఒక్కటే పెట్టుకోండి. ఒక్కటే! ఉన్న రీల్ పూర్తి చేయండి, ఛార్జర్ దగ్గరికి నడవండి, ఫోన్ పెట్టండి. ఛార్జర్ మాత్రం మంచానికి చెయ్యందని చోట ఉండాలి. ధ్యానం, డైరీ, పుషప్స్ అన్నీ ఈ పది గంటలకే తగిలించకండి. మీ ఉత్సాహం నాకు తెలుసు. వారం తిరక్కుండానే మొత్తం కూలుతుంది.

ఇంతే. నాలుగో మెట్టు తర్వాత ఐదోది లేదు.

మొదటి రాత్రి ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తాను. స్క్రీన్ నల్లబడుతుంది. మీరు చూస్తారు. "ఒక్కటే, ఇంకొక్కటే" అంటారు. కంగారు పడకండి. నల్లబడినట్టు గమనించారు కదా, అదే మొదటి మెట్టు. నిన్నటిదాకా ఆ గమనింపే లేదు. రెండో రాత్రి కాస్త ముందే లేస్తారు.

2010లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం, ఒక అలవాటు దానంతటదే జరిగిపోయే స్థాయికి రావడానికి ఎంత కాలం పడుతుందో చూసింది. సగటున 66 రోజులు. కొందరికి 18, కొందరికి 254 కూడా. అందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటుకి పెద్ద నష్టం జరగలేదు. కాబట్టి శుక్రవారం రాత్రి జారిపోతే శనివారం మళ్లీ మొదలుపెట్టండి. సోమవారం దాకా ఆగాల్సిన పని లేదు.

"నాది నైట్ షిఫ్ట్ సార్"

ఈ మాట రాయదుర్గంలో రాకుండా ఉండదు. అమెరికా క్లయింట్ పొద్దున్న అంటే మీకు సాయంత్రం. క్యాబ్ ఎక్కేది అందరూ దిగే టైముకి. తెల్లవారుజామున నాలుగింటికి ఇంటికొచ్చేవాళ్లకు పది గంటల రూలు ఎలా కుదురుతుంది?

కుదరదు. మీరు 'సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు' అనే ఆప్షన్ జోలికి పోకండి. మీకు సూర్యాస్తమయం అంటే లాగిన్. మీ బెల్ మీ లాగవుట్‌కి కట్టండి. షిఫ్ట్ రెండున్నరకి అయిపోతే మూడింటికి డార్క్ మోడ్ మొదలవ్వాలి, మధ్యాహ్నం లేచే టైముకి ముగియాలి. క్యాబ్‌లో ఫోన్ నల్లబడుతుంది. పక్క సీట్లో కునుకు తీసే అమ్మాయికీ ఇబ్బంది ఉండదు. ఇల్లు చేరాక కిటికీకి మందపాటి కర్టెన్ వేసుకోండి. పగటి నిద్రకి డార్క్ మోడ్ కంటే కర్టెన్ వంద రెట్లు ఎక్కువ పనిచేస్తుంది.

షిఫ్టులు వారం వారం మారుతుంటే? ఆదివారం రాత్రి రోస్టర్ చూసేటప్పుడే షెడ్యూల్ టైమూ మార్చేయండి. రెండూ ఒకే పనిగా అలవాటు చేసుకోండి.

ఆన్‌కాల్ ఉన్నవాళ్లు భయపడక్కర్లేదు. ప్రొడక్షన్ పడిపోతే ఫోన్ మోగుతుంది. కాల్ రింగ్ ఆన్‌లోనే ఉంచండి. మిగతా నోటిఫికేషన్లు ఆపండి. సర్వర్ డౌన్ అయిందన్న కబురు ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో ఎవరికీ రాలేదు.

పీజీలో ఉంటే

ముగ్గురు షేరింగ్ రూమ్. ఒకరిది మార్నింగ్ షిఫ్ట్, ఒకరిది జనరల్, ఒకరిది నైట్. లైటు ఆర్పాక మొదలవుతుంది అసలు కథ.

"అరేయ్, ఆ ఫోన్ వెలుతురు మొహం మీద పడుతోందిరా."

"రెండు నిమిషాల్రా మామా."

ఆ రెండు నిమిషాలు ఎంతసేపో పీజీలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ డార్క్ మోడ్ అచ్చంగా మర్యాద. గోడ మీద పడే వెలుతురు తగ్గుతుంది, పక్కవాడు పడుకుంటాడు. దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లండి. ముగ్గురూ కూర్చుని రూముకి ఒక టైమ్ పెట్టుకోండి. ముగ్గురి ఫోన్లూ ఒకేసారి నల్లబడితే, ఎవడు ఇంకా చూస్తున్నాడో చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఛార్జింగ్‌కి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తలుపు పక్కన పెట్టండి. స్నేహితుల ముందు మాట తప్పడానికి మనవాళ్లకు మొహమాటం. ఆ మొహమాటాన్ని మంచి పనికి వాడుకోవడంలో తప్పేం లేదు.

పగలు మాత్రం మామూలు లైట్ మోడ్‌లోనే ఉండండి. మధ్యాహ్నం ఎండలో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర నిలబడి క్యాబ్ నంబరు వెతికేటప్పుడు నల్ల స్క్రీన్‌లో కనిపించేది మీ మొహమే. కోడ్ ఎడిటర్ సంగతి వేరు. అందులో డార్క్ థీమ్ మీ టీమ్‌కి మతంతో సమానమైతే నేను మధ్యలోకి రాను.

ఇంకొకరి ఫోన్ జోలికి వెళ్లేముందు

ఇది కుదిరాక మీకు ఒక ఉత్సాహం వస్తుంది. పండక్కి ఊరెళ్తారు. అమ్మ ఫోన్ తీసుకుంటారు. "నీకు కూడా పెట్టేస్తానమ్మా, కళ్లకు మంచిది" అంటారు. ఆగండి.

పెద్దవాళ్లలోనూ ఎక్కువమంది తెలుపు మీద నలుపునే బాగా చదవగలరు. కానీ కంటిలో శుక్లం మొదలైనవాళ్లకు తెల్ల స్క్రీన్ మిరుమిట్లు గొలుపుతుంది. వాళ్లకు నలుపే సుఖంగా ఉండొచ్చు. ఏది పెట్టాలో మీకు తెలీదు, అమ్మకే తెలుస్తుంది. వాట్సాప్ తెరిచి రెండు రకాలుగా చూపించండి. "ఏది బాగా కనిపిస్తోందమ్మా?" అని అడగండి. ఏది చెప్తే అది పెట్టండి. ఫాంట్ సైజు మాత్రం అడక్కుండానే పెంచేయండి. రెండూ మసకగానే ఉన్నాయంటే మర్నాడు పొద్దున్నే కళ్ల పరీక్షకి తీసుకెళ్లండి. సెలవు ఉండగానే.